ప్లాటినం ఎటు పోయింది?

మా ల్యాబులో కొత్తగా చేరిన స్టూడెంట్లతో ముందుగా ఒక పని చేయిస్తాను. ఒక శాతం ప్లాటినం ఉన్న క్యాటలిస్టు (రసాయన చర్యను వేగంగా జరిపించే పదార్థం) శాంపిళ్లు రెండు ఇస్తాను. ప్లాటినం చిన్న రేణువులుగా ఒకదాంట్లో సిలికా (సిలికాన్ ఆక్సైడ్) మీద, ఇంకోదాంట్లో టైటానియా (టైటానియం ఆక్సైడ్) మీద ఉంటుంది. రెండింటినీ 500 డిగ్రీల దగ్గర హైడ్రోజన్‌లో రిడ్యూస్ చేసి (అంటే ఆక్సిజన్ తీసేసి), చల్లారాక కార్బన్ మోనాక్సైడ్ గ్యాసును కొద్దికొద్దిగా, పల్సులుగా పంపమంటాను. పైకి తేలి ఉన్న ప్లాటినం ఆ గ్యాసును పట్టుకుంటుంది, పట్టుకోకుండా వదిలేసింది స్క్రీన్ మీద పీకుగా లేస్తుంది.

సిలికా శాంపిల్ మొదటి పల్సుల్ని మింగేస్తుంది, స్క్రీన్ మీద పీకే లేవదు. లోహానికి చాలినంత పట్టాక పీకులు పెరిగి ఒక ఎత్తులో నిలుస్తాయి. టైటానియాతో మొదటి పల్సు నుంచే దాదాపు నిండు పీకు. పంపిన గ్యాసు పంపినట్టే బయటికొచ్చేస్తుంది.

"ఇందులో ప్లాటినం వేశారా సార్?" అని ఒకరు. కాస్త చదువుకున్నవాళ్లయితే "వేడికి రేణువులు కలిసిపోయి పెద్దవైపోయాయేమో" అంటారు. మంచి అనుమానమే. అందుకే అదే శాంపిల్‌ని ఆక్సిజన్‌లో కాల్చి, ఈసారి 200 డిగ్రీల దగ్గరే రిడ్యూస్ చేయిస్తాను. ప్లాటినం మళ్లీ గ్యాసు పట్టుకుంటుంది. రేణువులు కలిసిపోయి ఉంటే అంత తేలిగ్గా వెనక్కి రావు కదా!

1978లో ఎక్సాన్ ఆయిల్ కంపెనీలో టాస్టర్, ఫంగ్, గార్టెన్ అనే పరిశోధకులు చూపించింది ఇదే. ప్లాటినం ఒక్కటే కాదు, రోడియం, పల్లాడియం, ఇరిడియం, రుథీనియం, ఆస్మియం కూడా టైటానియా మీద ఇలాగే ప్రవర్తించాయి. కారణం తర్వాత తేలింది. ఎక్కువ వేడిలో టైటానియా కొంత ఆక్సిజన్ పోగొట్టుకుని, పాల మీద మీగడలా లోహం మీదికి పాకి కప్పేస్తుంది. సిలికా ఆ వేడికి అంత తేలిగ్గా రిడ్యూస్ కాదు, కాబట్టి కదలదు.

ఇది తెలిసి కూడా 500 డిగ్రీల తర్వాతి లెక్కతో "డిస్పర్షన్ (మొత్తం లోహంలో పైకి తేలి ఉన్న వాటా) తక్కువ" అని రాసేసే పేపర్లు చూస్తే నాకు చిరాకు. లోహం ఉంది, కనబడట్లేదంతే.

అలాగని కప్పడం వల్ల అంతా నష్టమే అనుకోకండి. క్రోటనాల్డిహైడ్ అనే ద్రవం ఉంది, దాని అణువులో కార్బన్-కార్బన్ జంట బంధం, కార్బన్-ఆక్సిజన్ జంట బంధం పక్కపక్కనే ఉంటాయి. దానికి హైడ్రోజన్ చేర్చేటప్పుడు మామూలు ప్లాటినం ఎక్కువగా మొదటిదాని మీదే పడుతుంది. మీగడ కట్టిన ప్లాటినం అంచుల్లో టైటానియా ఆక్సిజన్ వైపును పట్టుకుంటుంది కాబట్టి, రెండో బంధానికి హైడ్రోజన్ చేరితే వచ్చే, మనకు కావలసిన క్రోటిల్ ఆల్కహాల్ వాటా పెరుగుతుంది.

ఈసారి బ్యాచ్‌తో ఈ రియాక్షన్ కూడా చేయిద్దామని ఉంది. కాకపోతే క్రోటనాల్డిహైడ్ సీసా మూత తీస్తే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఘాటు ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ లేకుండా కుదరదు, మా ఫ్లోర్‌లో అదేమో ఎప్పుడూ ఖాళీ ఉండదు.