అమ్మమ్మతో బిర్లా ప్లానిటోరియంకు

మొన్న ఆదివారం అమ్మమ్మను హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా ప్లానిటోరియంకు, అంటే గుమ్మటం లోపల ఆకాశాన్ని చూపించే చోటుకు, తీసుకెళ్లాను. 1985లో ఎన్టీఆర్ ప్రారంభించినది. చిన్నప్పుడు బడివాళ్లు ఒకసారి తీసుకెళ్లారు కానీ చల్లటి ఏసీ తప్ప నాకేమీ గుర్తులేదు. ఈసారి తెలుగు షో ఎప్పుడో కనుక్కుని మరీ వెళ్లాం, ఎందుకంటే అమ్మమ్మకు 82 ఏళ్లు, ఇంగ్లిష్ రాదు, నేను పక్కన గుసగుసగా అర్థం చెప్తూ కూర్చుంటే ఆమె ప్రశాంతంగా చూడలేదు.

గుమ్మటం అంచున వెలుగు మెల్లగా తగ్గి, కళ్లు చీకటికి అలవాటు పడేసరికి నెత్తిమీద వేల చుక్కలు. అమ్మమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని "అగో బిడ్డా, పిల్లలకోడి!" అంది. చూస్తే కృత్తికలు. కోడి చుట్టూ పిల్లలు ముసిరినట్టు ఉంటాయని ఆ పేరట. పొలం కాపలాకు పోయిన రాత్రుల్లో తెల్లారడానికి ఇంకెంత పొద్దుందో వాళ్ల నాన్న దాన్ని చూసే చెప్పేవాడట. ఇన్నేళ్లలో ఈ మాట నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

తర్వాత ఆకాశాన్ని గబగబా తిప్పితే అన్నీ కదిలాయి, ధ్రువ నక్షత్రం మాత్రం ఉన్నచోటే ఉంది. అది నడినెత్తిన ఉంటుందని చాలామంది అనుకుంటారు. హైదరాబాద్ అక్షాంశం 17 డిగ్రీల పైచిలుకు, కాబట్టి మనకు అది ఉత్తరాన అంతే ఎత్తులో కనిపిస్తుంది, అంటే చెయ్యి చాచి పిడికిలి మీద పిడికిలి పెట్టినంత కూడా ఉండదు. ఎదురుగా ఒక్క అపార్ట్‌మెంట్ ఉన్నా చాలు, కనపడదు.

సప్తర్షుల్లో వశిష్ఠుడి పక్కన అరుంధతి కనిపించగానే అమ్మమ్మ మాట్లాడటం మానేసింది. తన పెళ్లినాడు మబ్బు పట్టిందట, పంతులు చూపించిన వైపు దండం పెట్టిందట, అంతే. ఆ రెండు చుక్కలూ మనకు సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. నువ్వు పుట్టిన రోజుల్లో అక్కడ బయలుదేరిన వెలుగు ఇప్పుడిప్పుడే మన దగ్గరికి వస్తోందమ్మమ్మా అని చెప్తే, "మరి అసలుది చూపియ్యవా?" అంది.

ఆ రాత్రి డాబా ఎక్కాం. వీధిలైట్ల వెలుతురులో నాలుగు చుక్కలు కూడా సరిగ్గా లేవు. వైశాఖంలో సప్తర్షులు పొద్దుగూకగానే పైకి వచ్చి ఉంటాయి, అమావాస్య చూసుకుని ఊరికి వెళ్దామన్నాను. పొద్దున్నే లేచి క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ పెన్నుతో గీత గీయించుకుంది.