ఐదు ఫైట్లు, ఒక నోట్‌బుక్: నాణెం కంటే వెనకబడ్డ నా జోస్యాలు

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. లారీ లోపలికి రాగానే గుప్పెడు వడ్లు తీసి, తేమ మీటర్‌లో పోసి, తాలు ఎంత, నూక ఎంత పోతుంది అని ముందే ఒక అంచనా రాసుకోవడం అలవాటు. మిల్లాడాక అసలు లెక్క వస్తుంది, నేనెంత తప్పానో తెలుస్తుంది. ఇదే పద్ధతి బాక్సింగ్‌కు పెడితే ఎట్లుంటుంది అనిపించి 2024 ఫిబ్రవరిలో రెండు వందల పేజీల నోట్‌బుక్ కొన్నాను. ఇప్పటికి ఐదు ఫైట్లు రాశాను. ఐదూ హెవీవెయిట్‌వే (అన్నిటికంటే పై బరువు తరగతి), బెల్ట్, అంటే చాంపియన్ పట్టం, ఉన్నవాళ్లవే.

డబ్బు పందెం లేదు. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు 2017లోనే నిషేధించారు. అది లేకపోయినా నా జీతానికి పందేలు సరిపడవు. మహబూబ్‌నగర్‌లో ఉండే మా బామ్మర్దికీ నాకూ మధ్య ఒప్పందం ఒక్కటే: ఐదు ఫైట్ల తర్వాత మార్కుల్లో వెనకబడ్డవాడు ఇంటిల్లిపాదికీ మటన్ తేవాలి.

మొదటి పేజీయే కొట్టివేత. టైసన్ ఫ్యూరీ, అలెగ్జాండర్ ఉసిక్ ఫైట్ 2024 ఫిబ్రవరి 17న అని తేదీ, శాతాలు అన్నీ పెన్నుతో అందంగా రాసుకున్నాను. ప్రాక్టీసులో ఫ్యూరీ కుడి కన్ను పైన చీరుకుపోయి ఫైట్ మే 18కి వెళ్లిపోయింది. పేజీ అడ్డంగా గీత కొట్టేశాను.

నోట్‌బుక్‌లో గడులు ఇవి: తేదీ, ఇద్దరి పేర్లు, ఎవరికెంత శాతం, ఎలా ముగుస్తుంది (నాకౌటా, పాయింట్లా), దానికి మూడు కారణాలు. ఫైట్ అయ్యాక నింపే గడులు రెండు: ఏం జరిగింది, నా మార్కు. బెల్ కొట్టాక ఏమీ దిద్దకూడదు. దొంగతనం జరగకుండా పేజీ ఫోటో తీసి ముందురోజు రాత్రే బామ్మర్దికి వాట్సాప్‌లో పెడతాను, అతనిది నాకు పెడతాడు. ఈ ఫోటో లేకపోతే మనిషి తనకు తెలియకుండానే మాట మారుస్తాడు. "నేను ముందే చెప్పలే?" అనే మాట మన దగ్గర ఎంత చవకో అందరికీ తెలుసు.

మార్కు వేసే పద్ధతిని బ్రయర్ స్కోర్ అంటారు. వాతావరణ సూచనలు ఎంత నిజమవుతున్నాయో కొలవడానికి 1950లో గ్లెన్ బ్రయర్ ప్రతిపాదించాడు. మేం వాడేది దాని తేలిక రూపం. గెలిచినవాడికి నువ్వు 40 శాతం ఇచ్చావనుకో. అంటే 0.40. ఒకటిలోంచి తీసేస్తే 0.60. దాన్ని దాంతోనే గుణిస్తే 0.36. అదే నీ మార్కు. ఎంత తక్కువ వస్తే అంత మంచిది. ఏమీ తెలియకుండా, నాణెం ఎగరేసినట్టు, ప్రతిసారీ ఇద్దరికీ 50 చొప్పున రాసినా 0.25 వస్తుంది. ఈ 0.25ను గుర్తుపెట్టుకోండి, నా పరువు దాని దగ్గరే పోయింది.

మే 2024. యాసంగి వడ్లు ముంచెత్తే రోజులు. వారం కింద పార్లమెంటు ఓట్లు పడ్డాయి, మిల్లులో రాత్రి పన్నెండు దాకా లారీలు. అయినా ఆదివారం తెల్లారగట్ల అలారం పెట్టుకుని లేచాను. రియాద్‌లో ఫైట్. బెల్ట్‌లు ఇచ్చే పెద్ద సంస్థలు నాలుగు. డబ్ల్యూబీసీ బెల్ట్ ఫ్యూరీది, డబ్ల్యూబీఏ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ మూడూ ఉసిక్‌వి. నాలుగూ ఒక్కడికే రావడం హెవీవెయిట్‌లో అంతకు ముందు ఎన్నడూ లేదు. ఫ్యూరీ 6 అడుగుల 9 అంగుళాలు, తూకం 262 పౌండ్లు, అంటే సుమారు 119 కిలోలు. ఉసిక్ 6 అడుగుల 3 అంగుళాలు, 223.5 పౌండ్లు, 101 కిలోలు. ఉసిక్‌ది 233.5 అని మొదట ప్రకటించి తర్వాత దిద్దారు. కాంటా దగ్గర పది తేడా చెబితే మా మిల్లులో గొడవలైపోతాయి.

నేను ఫ్యూరీకి 60, ఉసిక్‌కు 40 రాశాను. మూడు కారణాలు అని గడి పెట్టుకున్నాను కదా, అక్కడ రాసింది: ఎత్తు, చేతుల పొడవు, బరువు. బామ్మర్ది ఉసిక్‌కు 55 రాసి, ఒకటే కారణం పెట్టాడు: "కాళ్లు". అతను కబడ్డీ ఆడేవాడు. రైడర్ చేతులు చూస్తే మోసపోతాం, పాదం ఎటు తిరిగిందో చూడాలి అంటాడు.

ఇంట్లో అందరూ డాబా మీద పడుకున్నారు, అందుకే ఫోన్ సౌండ్ పూర్తిగా తీసేసి చూశాను. అనుకోకుండా అదే నాకు దొరికిన మంచి పద్ధతి అయింది. కామెంటరీ లేకపోతే ఎవరి పంచ్ తగిలింది, ఎవరిది గ్లవ్ మీద ఆగింది అన్నది కంటికే వదిలేయాలి. రౌండ్ మూడు నిమిషాలు, విరామం ఒక నిమిషం. ఆ నిమిషంలోనే రాసేయాలి: గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9, పడిపోతే 8. తర్వాత రాద్దాం అనుకుంటే మూడు రౌండ్లు కలిసిపోతాయి.

ఉసిక్ ఎడమచేతివాటం. అలాంటివాడు, కుడిచేతివాటంవాడు ఎదురెదురుగా నిలబడితే ఇద్దరి ముందుకాళ్లూ ఒకదానికొకటి ఎదురొస్తాయి. ఎవరి పాదం బయటివైపు పడితే వాడి వెనకచేతికి దారి దొరుకుతుంది. ఉసిక్ ఎనిమిదో రౌండ్‌లో ఆ ఎడమచేత్తోనే ఫ్యూరీ ముక్కు నుంచి రక్తం తెప్పించాడు. అంతకు ముందు రెండు మూడు రౌండ్లు ఫ్యూరీ పొట్టలోకీ గడ్డం కిందికీ అప్పర్‌కట్లు (కింది నుంచి పైకి కొట్టే పంచ్‌లు) కొడుతుంటే "నా 60 నిలబడింది" అని గర్వపడుతున్నాను. తొమ్మిదిలో ఫ్యూరీ తూలుతూ తాళ్ల మీద పడ్డాడు, రిఫరీ లెక్కపెట్టాడు, అంటే కింద పడినట్టే లెక్క. రౌండ్ల పాయింట్లన్నీ కూడితే నా కార్డు 114-113, ఫ్యూరీకి. జడ్జిలవి 115-112 ఉసిక్, 114-113 ఫ్యూరీ, 114-113 ఉసిక్. ఉసిక్ గెలిచాడు. నా మార్కు 0.36, బామ్మర్దిది 0.2025.

పొద్దున్నే ఫోన్: "బావా, నువ్వు మిల్లుల వడ్లు గూడ గిట్లనే కొంటవా? సంచి పెద్దగుంటే సాలా?"

నిజమే. తేమ 17 శాతం దాటితే ఎంత నిండుగా కనిపించినా ఆ సంచి నాకు పెద్దది కాదు. యాసంగి వడ్లు రంగు బాగుండి కూడా ఉడకబెట్టకుండా పచ్చివే ఆడిస్తే నూకైపోతాయి. రోజూ చేసే పని, అయినా బాక్సింగ్ దగ్గర కాంటా చూసి ఆగిపోయాను.

ఆ కార్డులు చూస్తూ ఇంకో లెక్క వేశాను. తొమ్మిదో రౌండ్‌లో ఆ లెక్కింపు లేకుండా 10-9గా పోయి ఉంటే ఫ్యూరీకి ప్రతి కార్డులో ఒక పాయింట్ కలిసేది. అప్పుడు ఒక కార్డు ఉసిక్‌కు, ఒకటి ఫ్యూరీకి, మూడోది 114-114. ఫలితం డ్రా. నా నోట్‌బుక్‌లో డ్రాకు గడే లేదు! ఆ రోజే కొత్త గీత గీశాను. అప్పటి నుంచి మూడు శాతాలు: ఇతను, అతను, డ్రా. 2018లో ఫ్యూరీ, వైల్డర్ మొదటి ఫైట్ కూడా డ్రాయే అని గుర్తుండి కూడా ముందు పెట్టలేదు.

సెప్టెంబర్ 2024. లండన్ వెంబ్లీలో డేనియల్ డుబోయిస్, ఆంథోనీ జాషువా. దీని గురించి ఎక్కువ రాయను. జాషువాకు 75, డుబోయిస్‌కు 23, డ్రాకు 2. మొదటి రౌండ్‌లోనే జాషువా కింద పడ్డాడు, ఐదో రౌండ్‌లో అయిపోయింది. మార్కు 0.5929. బామ్మర్ది కూడా జాషువానే అన్నాడు, కానీ 60 దగ్గర ఆగి డుబోయిస్‌కు 38 ఉంచాడు. 0.3844. ఇద్దరం ఒకే తప్పు చేశాం, నాకు దెబ్బ ఎక్కువ తగిలింది.

డిసెంబర్ 2024, రెండో ఫ్యూరీ-ఉసిక్. బామ్మర్ది రమ్మంటే మహబూబ్‌నగర్ వెళ్లాను. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా బస్సు, దారిలోనే శాతాలు వేసుకున్నాను. ఈసారి ఫ్యూరీ 281 పౌండ్లు, ఉసిక్ 226, ఇద్దరూ బట్టలతోనే తూగారు. తరుగు తీయని తూకం. దాన్ని కారణాల్లో రాయలేదు. రాసినవి: మే నెలలో చివరి రౌండ్లలో ఎవరు నిలబడ్డారు, ముందుకాలు ఎవరిది బయట పడింది, ఎవరు పొట్ట మీద కొట్టారు. ఉసిక్ 62, ఫ్యూరీ 33, డ్రా 5, పాయింట్ల మీద.

అక్కడ టీవీ, ఫుల్ సౌండ్, మా బామ్మర్ది స్నేహితులు నలుగురు. నా కార్డు 115-113 వచ్చింది. వారం తర్వాత ఇంట్లో సౌండ్ లేకుండా మళ్లీ చూస్తే 116-112. ముగ్గురు జడ్జిలూ 116-112 ఉసిక్‌కే ఇచ్చారు. సౌండ్ ఉన్నప్పుడు ఫ్యూరీ చెయ్యి ఊపినప్పుడల్లా గదిలో "ఓ" అంటారు, చెయ్యి పెన్ను మీదికి పోతుంది. మార్కు 0.1444. మొదటిసారి నాణెం కంటే మెరుగు. ఓడినాక ఫ్యూరీ తానే గెలిచానన్నాడు. వాట్సాప్ ఫోటో ఆయనకూ ఒకటి ఉంటే బాగుండేది.

2025 జూలై 19, మళ్లీ వెంబ్లీ. ఉసిక్ దగ్గర మూడు బెల్ట్‌లు, డుబోయిస్ దగ్గర ఐబీఎఫ్. ఇది అసలైన చాంపియన్ల పోటీ. ఉసిక్‌కు అప్పటికి 38 ఏళ్లు, అందుకే 80 అనబోయి 70 రాశాను, డుబోయిస్‌కు 28, డ్రాకు 2. బామ్మర్ది భయపడకుండా 80 పెట్టాడు. ఐదో రౌండ్‌లో ఉసిక్ ఎడమ హుక్‌తో (పక్క నుంచి తిప్పి కొట్టే పంచ్) ముగించాడు. 0.09. బామ్మర్దికి 0.04. నేను "పాయింట్ల మీద" అని రాశాను, అది తప్పు. ముగింపు గడికి ఇంకా మార్కు పద్ధతి పెట్టలేదు, బహుశా సిగ్గుతోనే.

అక్టోబర్ 2025లో జోసెఫ్ పార్కర్, ఫాబియో వార్డ్లీ. ఇద్దరి దగ్గరా తాత్కాలిక బెల్ట్‌లు. పార్కర్ అనుభవం చూసి 68, వార్డ్లీకి 30, డ్రాకు 2. పదకొండో రౌండ్‌లో వార్డ్లీ దెబ్బలకు రిఫరీ ఫైట్ ఆపేశాడు, గెలుపు వార్డ్లీది. 0.49. బామ్మర్ది పార్కర్‌కు 55, వార్డ్లీకి 43 ఇచ్చాడు, 0.3249.

ఐదూ కలిపి సగటు తీస్తే నాది 0.335. నాణెం 0.25. బామ్మర్దిది 0.222. అంటే నేను ఫ్యూరీ అనకుండా, జాషువా అనకుండా, ఏమీ చూడకుండా హాయిగా పడుకుని 50-50 అని రాసినా ఇంతకంటే మెరుగు. అతను ఐదింట్లో మూడు సరిగ్గా చెప్పాడు, నేను రెండు. తేడా ఆ ఒక్క ఫైట్ అనుకున్నాను కానీ కాదు. ఆ మే నెల పేజీ తీసేసి చూసినా నాది 0.329, అతనిది 0.227. మిగతా నాలుగు ఫైట్లలో ఇద్దరం ఎంచినవాళ్లు ఒకళ్లే. తెలియనిచోట నేను 75, 68 అని గట్టిగా రాశాను, అతను 60, 55 దగ్గర ఆగాడు. తెలిసినచోట మాత్రం నేనే వెనక్కి తగ్గాను. మటన్ నేనే తెచ్చాను. రెండు కిలోలు.

కొత్త ఫైట్ లేనప్పుడు పాతవి తీసి ప్రాక్టీసు చేస్తున్నాను. ఈ నెల లెనాక్స్ లూయిస్, ఇవాండర్ హోలీఫీల్డ్, 1999 మార్చి 13, న్యూయార్క్. ఇద్దరూ చాంపియన్లే. ఫలితం డ్రా అని తెలుసు, అయినా సౌండ్ తీసేసి కార్డు రాశాను. 117-111 లూయిస్‌కు వచ్చింది. ఆ రోజు లెక్కపెట్టినవాళ్ల ప్రకారం లూయిస్ 348 పంచ్‌లు తగిలించాడు, హోలీఫీల్డ్ 130. అయినా ఒక జడ్జి హోలీఫీల్డ్‌కు 115-113 ఇచ్చారు, లూయిస్ తాళ్ల దగ్గర పెట్టి బాదిన ఐదో రౌండ్‌తో సహా. నవంబర్‌లో మళ్లీ కొట్టుకుంటే లూయిస్‌కే ఇచ్చారు. దీని తర్వాత డ్రా గడిలో 2 కంటే తక్కువ రాయడం మానేశాను. ఫైట్ పన్నెండు రౌండ్లు పోతుందనిపిస్తే 5.

ఇప్పుడు కొత్త పద్ధతి ఇంత: ముందు ఇద్దరి చివరి మూడు ఫైట్లు సౌండ్ లేకుండా, ఒక్కోదానిలో మొదటి మూడు, చివరి మూడు రౌండ్లు చూడాలి. దానికి రెండు రాత్రులు చాలు. పాదాల కోసం ఒకసారి, చేతుల కోసం ఒకసారి. మూడు కారణాల్లో ఎత్తు, బరువు, పేరు రాకూడదు. అవి తీసేస్తే మూడు కారణాలు దొరకకపోతే 60 దాటకూడదు.

తర్వాతి పేజీకి గీతలు గీసి పెట్టాను. పేర్ల గడి ఖాళీ. శాతాలు ఎప్పటిలాగే పెన్నుతో, తేదీ మాత్రం పెన్సిల్‌తో.