ఎర్రనీరు

2022 వేసవంతా దగ్గుతూనే ఉన్నాను. మా ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చిన సిరప్ సీసాలు కిటికీలో వరసకట్టాయి గానీ దగ్గు కదల్లేదు. సాయంత్రమయ్యేసరికి సన్నగా జ్వరం. తెల్లారేసరికి చెమటకి చాప తడిసిపోయేది. నడుంచుట్టూ లుంగీ ఒక చుట్టు ఎక్కువ తిరుగుతోందని ముందు పట్టేసింది మా అమ్మే. ఆశా కార్యకర్త చిన్న డబ్బా ఇచ్చి, గళ్ళ (కఫం) పట్టి తీసుకెళ్ళింది. జూన్ మొదట్లో చెప్పారు, క్షయ అని. అప్పటికి నా తూకం 46 కేజీలు.

అరిగిపోవడమన్నది ఆ పేరులోనే ఉంది కదా. నాకు అదొక్కటే వినిపించింది. పరగడుపున రోజుకి మూడు మాత్రలు, ఆరు నెలలు వెయ్యాలన్నారు. మొదటి రెండు నెలలూ ఒక్కో మాత్రలో నాలుగు మందులు, ఆ తర్వాత మూడు. తిండికని నెలకి 500 రూపాయలు బ్యాంకులో పడతాయన్నారు. తలూపాను. ఇంటికొచ్చి నా కంచం, గ్లాసు వేరే గూట్లో పెట్టుకున్నాను. ఎవరూ పెట్టమనలేదు.

జూన్ 6న మందు మొదలెట్టాను. ఆ సాయంత్రమే మూత్రం ఎర్రగా వచ్చింది. వణుక్కుంటూ నాన్నతో చెప్పాను. మందు రంగు అలా దిగుతుందని ఆశాని అడిగి ముందే తెలుసుకున్నాట్ట. “గోదారికింకా వరద రాలేదు, నీకు ముందే వచ్చేసిందిరా ఎర్రనీరు” అన్నాడు. చాన్నాళ్ళకి నవ్వాను. నవ్వితే మళ్ళీ దగ్గు.

వాంతులు, కడుపులో తిప్పడం గురించి ఏం చెప్తాంలెండి. నాలుగో వారానికి జ్వరం పోయింది. ప్రమాదమంతా అక్కడే. పక్కూరాయన ఒకాయన ఇలాగే కాస్త తేలికవ్వగానే మందు మానేశాడు. రోగం తిరగబెట్టాక మామూలు మాత్రలకి లొంగలేదు. అది తెలిసి కూడా నాకు మానేద్దామనే ఉండేది. తగ్గిందని కాదు, ఎలాగూ పోయేవాణ్ణేగా అని.

అంతలో అసలు ఎర్రనీరు వచ్చింది. మాది గోదారి మధ్య లంక ఊరు, పి.గన్నవరం దగ్గర. “గోదారి పెరుగుతోంది, మళ్ళీ ఎప్పుడొస్తానో బాబాయ్” అంటూ ఆశా రెండు వారాల మాత్రలు ముందే ఇచ్చి వెళ్ళింది. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక పడింది. 86లో వచ్చిన వరద చూసిన మనిషి మా నాన్న. గట్టు వార పుల్ల పాతి, నీళ్ళు పుల్లని మింగేదాకా చూసి, “ఇక సర్దండి” అన్నాడు. అందరం పిన్ని వాళ్ళ డాబా ఎక్కేశాం.

25 లక్షల క్యూసెక్కులు దాటిందట ఆ రాత్రి. డాబా మీద పదిహేనుమందిమి. మా అరటితోట ఎటువైపుందో కూడా తెలియడం లేదు. పొలం కాగితాలు పిన్ని బీరువాలో పడేసిన నాన్న, నా మాత్రలున్న స్టీలు క్యారేజీని మాత్రం తెల్లవార్లూ ఒళ్ళోంచి దించలేదు. పొద్దున్నే మూత తీసి, మూడు మాత్రలు నా చేతిలో పెట్టి, “ఇవాళ్టికి 41” అన్నాడు.

లెక్క పెడుతున్నాడని అప్పుడే తెలిసింది నాకు. ధైర్యం గియిర్యం ఏమీ రాలేదండి. ఆయన లెక్క పాడుచేయబుద్ధి కాలేదు, అంతే. పడవలో తెచ్చిన నీళ్ళ ప్యాకెట్ కొరికి మింగేశాను. నా గ్లాసు పక్కన పెట్టబోతే, “ఇన్ని నీళ్ళ మధ్య నీ గ్లాసొక్కటీ వేరేంట్రా!” అని పిన్ని లాక్కుని అందరి గ్లాసుల్లో పడేసి తోమింది.

నీళ్ళు తీశాక చూస్తే అరటిచెట్లు నిలబడే కుళ్ళిపోయున్నాయి. ఆగస్టులో గళ్ళ పరీక్షలో క్రిమి లేదన్నారు. సెప్టెంబర్లో 51 కేజీలు తూగాను. బరువు పెరిగింది కాబట్టి ఇక మూడు కాదు, నాలుగు మాత్రలన్నారు. మాత్రలు పెరిగాయని ఇంటికొచ్చి సంబరంగా చెప్పినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ మర్నాడే నాన్న కర్పూరం అరటి పిలకలు ఎక్కడ దొరుకుతాయో వాకబు చెయ్యడం మొదలెట్టాడు. అక్టోబర్లో ఒండ్రు మీద నాటాం. ఆయన గోతులు తీశాడు, నేను కూర్చుని పిలకలు అందించాను. నవంబరు నెలాఖరుకి మందు అయిపోయింది.

మరుసటేడు దీపావళి ముందు మొదటి గెలలు దిగాయి. సైకిలుకి ఆరు గెలలు కట్టుకుని రావులపాలెం మార్కెట్‌కి నేనే బయల్దేరాను. గట్టు ఎక్కేచోట ఆయాసమొచ్చి ఒకసారి దిగాను. వెనకాల ఇంకో సైకిలతను బెల్లు కొడుతున్నాడు. “ఆయ్, వెళ్ళండి, వెళ్ళండి” అని దారిచ్చి, మళ్ళీ ఎక్కాను.