పాత వంటగట్టులో ఓవెన్, హాబ్ బిగించడం: నా అనుభవం

గట్టు మీద హాబ్‌కి (గట్టులోకి దించి బిగించే గ్యాస్ స్టవ్) కన్నం కొయ్యడానికి పూట చాలు. గట్టు కింద చోటు సరిపోతుందా అన్నదే అసలు లెక్క. అది కొనకముందే వేసుకోవాలి. నేను కొన్నాక వేశాను.

మాది అమలాపురంలో 25 ఏళ్ల నాటి వంటగది. గట్టు ఎత్తు 32 అంగుళాలు, అంటే 813 మిల్లీమీటర్లు. ఇక్కణ్నుంచి కొలతలన్నీ మిల్లీమీటర్లలోనే. అప్పటి పద్ధతిలో కడప బండ వేసి, సిమెంటు మాలు పరిచి, పైన గ్రానైట్ అంటించారు. మొత్తం మందం 65. అడుగున దిమ్మ 100. ఓవెన్ ఎత్తు 595. ఈ రెండూ తీసేస్తే గట్టు పైభాగం నుంచి ఓవెన్ నెత్తి దాకా మిగిలేది 118. నేను తెచ్చిన హాబ్ డబ్బా లోతు 90, దాని కింద గ్యాస్ ఎల్బో (పైపుని తిప్పే వంపు ముక్క) ఇంకో 35. 125 కావాలి, 118 ఉంది. గాలి ఆడే సందు ఇంకా లెక్కలోకే రాలేదు. షోరూమ్‌లో హాబ్ కింద ఓవెన్ ముచ్చటగా కనిపిస్తుంది కానీ, వాళ్ల గట్టు పల్చటి చెక్క మీద ఒంటి గ్రానైట్ పలక.

అందుకని ఓవెన్‌ని పక్క అరలోకి మార్చాం. నిలువు కడప బండల మధ్య ఖాళీ 585. ఓవెన్ ఒళ్లు 560లో పడుతుంది. ముందు అద్దం వెడల్పు 595 కాబట్టి అటూ ఇటూ 5 మిల్లీమీటర్ల చొప్పున బండ అంచుల మీద కూర్చుంటుంది. అంచులు ఒకే మట్టంలో లేకపోతే తలుపు వంకరగా కనపడుతుంది, రసమట్టం పెట్టి చూసుకోవాలి. లోతు 550 కావాలి. వెనక గోడకి ప్లగ్ ఉంటే ఆ లోతు దొరకదు. సాకెట్టుని పక్క అరలోకి జరపాల్సిందే.

హాబ్ కన్నం నా మోడల్‌కి 560 × 480. గట్టు లోతు 600 కాబట్టి ముందూ వెనకా 60 చొప్పున మిగిలింది. ముందున్న ఆ సన్న పట్టీయే విరిగేది. మేస్త్రీ ముందుగా నాలుగు మూలలా 12 మిల్లీమీటర్ల బెజ్జాలు వేసి, ఆ తర్వాతే డైమండ్ బ్లేడుతో నీళ్లు పోస్తూ కోశాడు. మూల సూదిగా తెగితే పగులు అక్కణ్నుంచే బయల్దేరుతుంది. కోస్తున్నంతసేపూ కింద కర్ర ఆసరా పెట్టి ఉంచాం.

హాబ్‌తో వచ్చిన క్లాంపులు 40 మందం దాకానే. 65కి అందవు. పొడుగు స్క్రూలు, మధ్యలో చెక్క ముక్క వేశాం. చుట్టూ పెట్టెలో వచ్చిన ఫోమ్ పట్టీయే అంటించండి. సిలికాన్ పూస్తే రేపు రిపేరుకి హాబ్ లేపేటప్పుడు అద్దం పోతుంది. పట్టీ ఎక్కడా విడిపోకూడదు, అన్నం పొంగితే గంజి తిన్నగా కింద డబ్బాలోకి దిగుతుంది.

గ్యాస్ రబ్బరు పైపు ఓవెన్ వెనకనుంచి పోనివ్వకూడదు, వేడికి పగులుతుంది. సిలిండర్ అర తలుపుకి కన్నాలు అడుగున ఉండాలి, వంటగ్యాస్ గాలికన్నా బరువు. బిగించిన ప్రతి అతుకుకీ సబ్బు నురగ రాసి చూడాలి. పైపు గ్యాస్‌కి మారితే జెట్లు (బర్నర్‌కి గ్యాస్ వదిలే సన్న రంధ్రం ముక్కలు) కూడా మార్చాలి. సిలిండర్ గ్యాస్ ఒత్తిడి 30 మిల్లీబార్లు, పైపుది 21. పాత జెట్లతో మంట నీరసంగా వస్తుంది.

కరెంటు సంగతి. 3 కిలోవాట్ల ఓవెన్ 13 ఆంపులు లాగుతుంది. ఫ్రిజ్ లైన్‌కి తగిలించొద్దు. మీటరు బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 16 ఆంపుల ఎమ్‌సీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్), మంచి ఎర్తింగ్ కావాలి. వోల్టేజి 190కి పడితే 3 కిలోవాట్లు 2 చిల్లరే ఇస్తుంది, వేడి వోల్టేజి వర్గాన్ని (వోల్టేజిని దానితోనే హెచ్చిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది. ఎండాకాలం రాత్రుళ్లు కేకు ఆలస్యమైతే ఓవెన్‌ని తిట్టకండి.

చివరికి స్విచ్ వెయ్యగానే ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే లైన్ ఆపేసే స్విచ్) పడిపోయింది. మూడుసార్లు. ఎలక్ట్రీషియన్ దాన్ని తప్పించి కలుపుతానన్నాడు, ఒప్పుకోకూడదు. ఓవెన్ తీసేస్తే పడలేదు కాబట్టి తీగ మంచిదే. లైటు, ఫ్యాను మాత్రం వేస్తే నిలిచింది, కింది ఎలిమెంటు (వేడినిచ్చే కడ్డీ) వేస్తే పడింది. ఎలిమెంటు లోపల ఉండే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి తేమ పీలుస్తుంది. మా ఓవెన్ శ్రావణమాసమంతా పెట్టెలోనే ఉంది, కోనసీమ ముసురులో ఇంకేముంటుంది! 30 మిల్లీఆంపుల లీకుకే ఆర్‌సీసీబీ పడుతుంది. మందు: పాతకాలం 100 వాట్ల బల్బులు రెండు లోపల వేలాడదీసి, తలుపు కాస్త ఓరగా ఉంచి, రాత్రంతా వెలిగించడం. పొద్దున్న నిలిచింది. అరగంట 100 డిగ్రీల దగ్గర, తర్వాత గంట 250 దగ్గర ఖాళీగా కాల్చాం. కిటికీలు తెరిచే ఉంచండి, ఫ్యాక్టరీ నూనె పొగ గట్టిగానే వస్తుంది.