కంచె లోపలి ఎడారి

రాక్స్‌బీ డౌన్స్‌లో చూడ్డానికి ఏముందని ఆస్ట్రేలియాలోని ఆడిలైడ్‌లో మా తెలుగువాళ్ళు అడిగారు. నిజమే, అది రాగి, యురేనియం తవ్వే ఒలింపిక్ డ్యామ్ గని కోసం వెలిసిన ఊరు. ఆడిలైడ్‌కి ఉత్తరంగా దాదాపు 560 కిలోమీటర్లు. పోర్ట్ అగస్టా దాటితే ఎర్రమట్టి, తెల్లటి ఉప్పు సరస్సులు తప్ప కంటికి ఏమీ ఆనదు. మేం వెళ్ళింది ఆ ఊరి పక్కనే, అంతరించిపోతున్న స్థానిక జంతువుల్ని కాపాడే ‘ఎరిడ్ రికవరీ’ అభయారణ్యం చూడ్డానికి. 1997లో మొదలైన ఈ ప్రయత్నంలో ఇప్పుడు 123 చదరపు కిలోమీటర్ల ఎడారి కంచె లోపల ఉంది.

ముందు ఆ కంచె గురించి చెప్పాలి. ఎత్తు మనిషంత. పైభాగం బయటివైపుకి వంగి వదులుగా వేలాడుతూ ఉంటుంది. పిల్లి ఎగబాకితే దాని బరువుకే వల ఊగిపోయి వెనక్కి పడేస్తుంది. కింద వలని నేలమీద పరిచారు, తవ్వుకుని దూరకుండా. కరెంటు తీగలు సరేసరి. ఇంత ఏర్పాటూ పిల్లుల్ని, నక్కల్ని, కుందేళ్ళని బయట ఉంచడానికే.

మమ్మల్ని తిప్పిన అమ్మాయి అక్కడే పరిశోధన చేస్తోంది. కంచె బయట ఇసుకలో వంగి ఒక అడుగుజాడ చూపించింది. గుండ్రంగా, నాలుగు వేళ్ళ గుర్తులు. గోళ్ళ జాడ లేదు. నక్కదైతే గోళ్ళు పడతాయట, పిల్లి వాటిని లోపలికి ముడుచుకుని నడుస్తుంది. ఆ జాడ ఇసుక దిబ్బ వారగా వెళ్ళి, ఒక పొద దగ్గర ఆగి, మళ్ళీ కంచె వెంబడే సాగింది. పిల్లులంటే ప్రాణం పెట్టే మా పాప దాని పక్కన చెయ్యి ఆనించి కొలుచుకుంది.

ఈ ప్రాంతంలో చంపిన ఒక పిల్లి కడుపు కోసి చూస్తే ముప్పైకి పైగా జీవులు బయటపడ్డాయట. చాలామటుకు తొండలే, వాటితో నలికిరులు, ఒక చిన్న పిచ్చుక జాతి పక్షి, ఒక ఎలుక. అదంతా ఒక్క పిల్లి తిండి. కుందేళ్ళు దొరికితే అవే దాని ప్రధాన ఆహారం, అవి తగ్గినప్పుడు చేతికందిన ప్రతిదాన్నీ పట్టి తింటుంది. నీళ్ళ కోసం చెరువు వెతుక్కోనక్కర్లేదు, వేట మాంసంలోని తడే చాలు. ఎడారిలో కూడా అది బతికేది అందుకే.

1788లో ఇంగ్లండు ఓడలతో వచ్చిన పిల్లులు నూరేళ్ళు గడిచేసరికి దాదాపు ఖండమంతా పాకిపోయాయి. కుందేళ్ళని అదుపు చేస్తాయని కొన్నిచోట్ల మనుషులే వదిలారు కూడా. ఇప్పుడు ఆస్ట్రేలియా భూభాగంలో 99 శాతానికి పైగా ఇలా అడవిపాలైన పెంపుడు జాతి పిల్లులున్నాయి. వానల్ని బట్టి వాటి సంఖ్య 21 లక్షల నుంచి 63 లక్షల దాకా మారుతుందని అంచనా. 35 గ్రాముల నుంచి 5.5 కిలోల మధ్య బరువుండే స్థానిక జంతువులే ఇక్కడ ఎక్కువగా అంతరించాయి. పిల్లికీ నక్కకీ సరిగ్గా నోటికందే సైజు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని మనం మాటవరసకి అంటాం. ఇక్కడ ఆ చెలగాటంలో జాతులకి జాతులే పోయాయి.

చీకటి పడ్డాక ఎర్ర కాంతి టార్చీలతో నడిచాం. మొదట కనబడింది బూడీ. కంగారూ కుటుంబానిదే, కానీ కుందేలంత ఉంటుంది. ఒకప్పుడు ఖండంలో చాలాచోట్ల ఉన్న ఈ జంతువు ప్రధాన భూభాగంలో పూర్తిగా అంతరించి, పశ్చిమాన కొన్ని దీవుల్లోనే మిగిలింది. అక్కడి నుంచి తెచ్చి ఇక్కడ వదిలారు. మాకు రెండు గజాల దూరంలో కూర్చుని, ముందుకాళ్ళతో వేరు పట్టుకుని కొరుకుతూనే ఉంది. అలికిడికి చెవి తిప్పిందే గాని కదల్లేదు. కాసేపటికి బిల్బీ అనే చిన్న సంచిజంతువు కూడా కనబడింది. పొడుగు చెవులు, తోక చివర తెల్లటి కుచ్చు. మమ్మల్ని చూసి గబుక్కున కలుగులోకి దూరింది. చుట్టూ గెంతే ఎలుకల సందడి. కంచె వేసిన కొన్నేళ్ళకే స్థానిక ఎలుకలు బయటికంటే లోపల 15 రెట్లు ఎక్కువయ్యాయంటే, పిల్లి లేకపోవడం ఎంత తేడా తెస్తుందో అర్థమవుతుంది.

“పిల్లి తప్పేముంది నాన్నా? దానికి ఆకలేస్తుంది కదా” అంది పాప. తప్పు పిల్లిది కాదనే చెప్పాను. తెచ్చి వదిలింది మనుషులు, కాబట్టి సరిదిద్దే బాధ్యత కూడా మనుషులదే అని నా నమ్మకం. చంపడం నాకూ కష్టంగానే ఉంటుంది. కానీ ఆ బూడీని అంత దగ్గర్నుంచి చూశాక, చేతులు కట్టుకు కూర్చోవడం దయ అని అనుకోలేను. పిల్లి ఆకారాన్ని గుర్తుపట్టి ఒంటిమీద విషం చిమ్మే యంత్రం ఒకటుంది, పేరు ఫెలిక్సర్. పిల్లి ఒళ్ళు నాక్కుంటుంది కదా, ఆ అలవాటే దాన్ని చంపుతుంది.

అయితే కంచెతో ఇంకో చిక్కు వచ్చిందని ఆ అమ్మాయి చెప్పింది. లోపల పుట్టిపెరిగిన జంతువులకి భయమంటే తెలీదు. బయట వదిలితే బతకవు. అందుకని 2014 నుంచి కంచె లోపలే విడిగా ఒక విశాలమైన మడిలో బూడీలని, బిల్బీలని కొద్దిపాటి పిల్లులతో కలిపి ఉంచుతున్నారు. అలా పెరిగిన బూడీలు మనుషుల్ని కూడా దూరం నుంచే చూసి పారిపోవడం మొదలెట్టాయి. ఆ బిల్బీలు పిల్లులున్న చోట వదిలినా, మిగతావాటికంటే ఎక్కువకాలం బతికాయి. ఇంకోపక్క కంచె లోపల బూడీలు విపరీతంగా పెరిగి మొక్కలన్నీ మేసేయడంతో, 2018లో క్వోల్ అనే స్థానిక వేటజంతువుని కూడా తెచ్చి వదిలారు. ఎప్పటికైనా కంచె అవసరం తీరుతుందా అని అడిగితే, ఆ మడిలో పిల్లుల మధ్య పుట్టే తరాల్ని బట్టి ఉంటుందంది.

వెళ్ళదలచుకుంటే మే, సెప్టెంబర్ మధ్య వెళ్ళండి, అక్కడ అవి చల్లటి నెలలు. ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. ముందే బుక్ చేసుకోవాలి. పోర్ట్ అగస్టాలో పెట్రోలు నింపుకోండి, స్వెట్టర్లు మరవకండి. పిల్లలుంటే తప్పకుండా తీసుకెళ్ళండి.