మూడు పౌండ్లు, మూడు కిలోలు

అక్టోబరు 14, 2025, మంగళవారం. ఇర్వింగ్, టెక్సస్.

రాత్రి పదకొండున్నర అయింది. రేపు పొద్దున్న ఏడింటికి షిఫ్ట్ ఉంది, పడుకోవాలి. కానీ ఇవాళ జరిగింది రాసుకోకుండా పడుకుంటే రేపటికి సగం మర్చిపోతాను.

పొద్దున్న నాలుగు ముప్పావుకే లేచాను. ఇల్లంతా నిద్రలో ఉన్న ఆ గంటన్నరే నా చదువుకి దొరికే టైమ్. డీఎన్‌పీ, అంటే డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్ అనే డిగ్రీ చేస్తున్నాను. వంటింటి బల్ల దగ్గర టీ పెట్టుకుని దాని ప్రాజెక్ట్ పేపర్‌లో మూడో భాగం సరిచేశాను. ఆరున్నరకి బాబుని లేపి, వాడికి ఉప్మా, నాకు పెరుగన్నం డబ్బా సర్ది, ఎనిమిదింటికల్లా క్లినిక్‌లో ఉన్నాను.

ఈ క్లినిక్ దొరకడానికే నాకు నాలుగు నెలలు పట్టింది. ఇక్కడ చాలా యూనివర్సిటీల్లో పక్కన నిలబెట్టుకుని నేర్పే ప్రిసెప్టర్‌ని విద్యార్థులే వెతుక్కోవాలి. ఎంతమందికి మెయిల్ పెట్టానో లెక్కలేదు. జవాబు ఇచ్చినవాళ్లే తక్కువ, అందులోనూ ‘ఖాళీ లేదు’ అన్నవాళ్లే ఎక్కువ. డిగ్రీ చేతికి రావాలంటే మొత్తం 1000 గంటల ప్రాక్టీస్ చూపించాలి. నాకు ఇవాళ్టితో 612 అయ్యాయి. లాగ్‌లో ఆ అంకె వేసినప్పుడల్లా, నన్ను పక్కన కూర్చోబెట్టుకోవడానికి ఒప్పుకున్న ఆమెకి మనసులో దండం పెట్టుకుంటాను. ఆమె నర్స్ ప్రాక్టీషనర్, అంటే పేషెంట్లని చూసి మందులు రాసే నర్సు. నేను చదువుతున్నదీ అలా అవ్వడానికే.

ఇవాళ ఒకాయన బీపీ చెకప్‌కి వచ్చాడు. బీపీ బాగానే ఉంది. మాట్లాడుతున్నంతసేపూ పొడిదగ్గు. అలర్జీ అనుకుని షాపులో సిరప్ కొనుక్కు తాగుతున్నాడట. బీపీకి వేసుకునే లిసినోప్రిల్ మాత్ర ఎప్పుడు మొదలుపెట్టారని అడిగాను. వేసవిలో అన్నాడు. దగ్గు కూడా అప్పటినుంచే. బయటికొచ్చి ప్రిసెప్టర్‌కి చెబితే, “అయితే ఏం చేస్తావు?” అంది. లోసార్టాన్ అనే ఇంకో బీపీ మాత్రకి మారుస్తాను, రక్తపరీక్షలో పొటాషియం, క్రియాటినిన్ చూస్తాను, నాలుగు వారాల్లో మళ్లీ రమ్మంటాను అన్నాను. తలూపింది.

పన్నెండేళ్లు బెడ్ పక్కన నర్సుగా మాత్రలు ఇచ్చాను. ఆ దగ్గుకి ఈ మాత్రే కారణమేమో అని డాక్టర్‌కి చెప్పడం కూడా కొత్త కాదు. కానీ మార్చాలన్న నిర్ణయం నా నోటి నుంచి రావడం, దాని బాధ్యత కూడా నాదే కావడం వేరు. టెక్సస్‌లో నర్స్ ప్రాక్టీషనర్ మందులు రాయాలంటే ఒక డాక్టర్‌తో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. అరిజోనాలాంటి చోట్ల ఆ అవసరం లేదు. ఒప్పందం ఉన్నా లేకపోయినా, ఆ పేషెంట్ ముందు కూర్చుని కళ్లలోకి చూసి చెప్పాల్సింది మాత్రం నేనే.

ఒంటిగంటకి అక్కణ్నుంచి బయల్దేరి నేరుగా హాస్పిటల్‌కి వెళ్లాను. డ్యూటీ కాదు, ప్రాజెక్ట్ పని. అసలు రాయాల్సింది దీని గురించే.

నా డీఎన్‌పీ ప్రాజెక్ట్ హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్ల డిశ్చార్జ్ గురించి. గుండె సరిగ్గా పంప్ చేయలేనప్పుడు ఒంట్లో నీరు చేరుతుంది. కాళ్లు వాచేలోపే, ఆయాసం రాకముందే, ఆ నీరు బరువులో కనిపిస్తుంది. అందుకే ఇంటికెళ్లాక రోజూ పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, ఏమీ తినకముందు బరువు చూసుకోమంటాం. ఒక్కరోజులో 3 పౌండ్లు కానీ, వారంలో 5 పౌండ్లు కానీ పెరిగితే వెంటనే ఫోన్ చేయమంటాం. చాలాసార్లు ఒంట్లో నీటిని మూత్రంలో బయటికి పంపే ‘నీళ్ల మాత్ర’ కాస్త పెంచితే సరిపోతుంది. ఆ ఫోన్ రాకపోతే పది రోజులకి అదే మనిషి ఎమర్జెన్సీలో ఆక్సిజన్ మీద కనిపిస్తారు. ముప్పై రోజుల్లోపు ఇలా మళ్లీ చేరేవాళ్లు మరీ ఎక్కువైతే 2012 అక్టోబరు నుంచి మెడికేర్ (ఇక్కడ పెద్దవాళ్లకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఆ హాస్పిటల్‌కిచ్చే డబ్బులో కోత పెడుతోంది. అందుకని మేనేజర్లకీ ఇది పట్టింది. నాకు మాత్రం ఆ ఆక్సిజన్ మాస్క్ వెనక మొహాలే గుర్తొస్తాయి.

ఈ విషయాలన్నీ అందరికీ తెలిసినవే. కాగితం మీద అచ్చేసి చేతికిస్తాం కూడా. నర్సు “అర్థమైందా?” అంటుంది, పేషెంట్ “అర్థమైంది” అంటారు. అక్కడితో అయిపోతుంది. నా ప్రాజెక్ట్‌లో నర్సు ఆ ప్రశ్న అడగదు. “నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, మీరు ఇంటికెళ్లాక ఏం చేస్తారో నాకు చెప్పండి” అని అడుగుతుంది. దీన్ని టీచ్-బ్యాక్ అంటారు. నేను కనిపెట్టింది కాదు, ఎప్పటినుంచో ఉన్నదే. మా ఫ్లోర్‌లో ప్రతి నర్సూ, ప్రతి డిశ్చార్జ్‌లోనూ దాన్ని చేసేలా చూడటమే నా పని.

ఇవాళ మూడు డిశ్చార్జ్‌లు చూశాను. మూడోది మన తెలుగావిడది. గుర్తుపట్టే వివరాలేవీ రాయను. పెద్దావిడ, కొడుకు దగ్గరికి వచ్చి ఉన్నారు, ఇంగ్లిష్ రాదు. గదిలోకి అడుగుపెట్టగానే నన్ను చూసి “మనమ్మాయేనా?” అని నా చెయ్యి పట్టుకున్నారు. “అవునమ్మా” అన్నాను. అంతవరకే. వైద్యం విషయం వచ్చేసరికి, అర్హత పరీక్ష పాసైన ఇంటర్‌ప్రెటర్లే మాట్లాడాలి. నేను ఆ పరీక్ష రాయలేదు. తెలుగు నా సొంత భాష అయినా గోడ పక్కన నిలబడి స్క్రీన్ మీదున్న ఇంటర్‌ప్రెటర్‌ని వినాల్సి వచ్చింది. కష్టంగానే అనిపించింది. కానీ ఆ రూల్ ఉండటం మంచిదే. ఇంట్లోవాళ్లు తర్జుమా చేస్తూ భయపెట్టే మాటలు మింగేయడం నేను చాలాసార్లు చూశాను.

నర్సు చక్కగా అడిగింది. కొడుకు “అమ్మకి అన్నీ తెలుసు” అని మధ్యలో అందుకోబోతే, నవ్వుతూ ఆపి, ఆవిడనే చెప్పమంది. ఆవిడ చెప్పారు: “పొద్దున్నే లేచి బరువు చూసుకుంటాను. ఒక్కరోజులో మూడు పెరిగితే ఫోన్ చేయిస్తాను. ఉప్పు మానేశాను.” ఇంటర్‌ప్రెటర్ ఉన్నదున్నట్టు చెప్పింది. నర్సు ఫారమ్‌లో మూడు గడులూ టిక్ పెట్టింది.

నాకు ‘మూడు’ అన్న మాట దగ్గర మనసు ఆగిపోయింది. మూడు ఏంటి? ఒక్కసారి అడగమని నర్సుకి సైగ చేశాను. అడిగింది.

“మూడు కిలోలమ్మా.”

కొడుకు వెంటనే “మా ఇంట్లో మెషీన్ పౌండ్లలోనే చూపిస్తుంది కదమ్మా” అన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపారు. “నాకు ఆ పౌండ్లు తెలియవురా. నేను వచ్చిన వారమే మనవడితో కిలోలకి మార్పించాను, కింద బటన్ ఉంది.”

మూడు కిలోలంటే ఆరున్నర పౌండ్ల పైమాటే. మేం చెప్పిన దానికి రెండింతలు దాటేదాకా ఆవిడ ఓపిగ్గా ఎదురుచూసేవారు, మేం చెప్పినట్టే చేస్తున్నాననుకుని. మా కాగితం మీద మాత్రం మూడు టిక్కులు ఉండేవి.

తర్వాత నర్సు తనంతట తనే ఉప్పు దగ్గరికి మళ్లీ వెళ్లింది. నిన్న రాత్రి ఏం తిన్నారు, ఇంట్లో ఉంటే ఏం తినేవారు అని అడిగింది. కూరలో ఉప్పు తగ్గించారు, నిజమే. పెరుగన్నంలోకి మాగాయ మాత్రం రోజూ ఉంది. “అది పచ్చడి కదా” అన్నారు ఆవిడ. మన ఇళ్లలో ఉప్పంటే డబ్బాలోంచి చెంచాతో తీసి వేసేదే. జాడీలో ఊరి ఉన్నది ఆ లెక్కలోకి రాదు. ఉప్పులోని సోడియం రోజుకి 2 గ్రాములు దాటొద్దని ఎన్నిసార్లు అచ్చేసినా ఆ జాడీ మాట ఎక్కడా ఉండదు.

కిలోల్లో చెప్పాల్సిన అంకెలు నర్సు పెద్ద అక్షరాలతో రాసిచ్చింది: రోజులో 1.4, వారంలో 2.3. ఆవిడ కాగితం మడిచి బొడ్లో దోపుకున్నారు. వెళ్లేటప్పుడు “బాగా చదువుకో తల్లీ” అన్నారు. నేను చదువుకుంటున్నానని ఆవిడకి ఎవరు చెప్పారో తెలియదు. నా మెడలో స్టూడెంట్ బ్యాడ్జ్ చూసి ఉంటారు.

సాయంత్రం ఆరింటికి ఆన్‌లైన్ క్లాస్. రన్ చార్ట్ గురించి, అంటే ఒక లెక్క వారవారం ఎలా మారుతోందో చూపే గ్రాఫ్. వారానికో చుక్క పెట్టుకుంటూ పోతే, మధ్యగీతకి ఒకే వైపు వరసగా కనీసం ఆరు చుక్కలు పడితేనే నిజంగా మార్పు వచ్చిందని అనుకోవచ్చు. మా ఫ్లోర్ టీచ్-బ్యాక్ లెక్కకి నాకు నాలుగే ఉన్నాయి, అన్నీ పైనే. “ఇంకా ఆగు” అన్నారు ప్రొఫెసర్. ఆగుతాను. కానీ ఇవాళ్టి టిక్కులు చూశాక ఆ నాలుగు చుక్కల మీదే నాకు అనుమానం వచ్చింది. వాటిలో ఎన్ని ‘మూడు’లు ఏ కొలతో తెలియకుండానే వెళ్లిపోయాయో. ఆ మాట క్లాసులో చెప్పాను. ప్రొఫెసర్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఇది నీ పేపర్‌లో రావాలి” అన్నారు.

తొమ్మిదిన్నరకి అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న ఎనిమిది. పక్కింటి అత్తయ్య “మీ అమ్మాయి డాక్టర్ అవుతోందటగా, ఏ డాక్టర్?” అని మళ్లీ అడిగిందట. అమ్మకి ఈసారి వివరంగా చెప్పాను. పీహెచ్‌డీ చేసేవాళ్లు కొత్త విషయం కనుక్కుంటారు. డీఎన్‌పీ చేసేవాళ్లు ఆ తెలిసిన విషయం మంచం దాకా చేరేలా చూస్తారు. పరిశోధనలో తేలింది వాడుకలోకి రావడానికి సగటున 17 ఏళ్లు పడుతుందని మా కోర్సుల్లో పదేపదే వినిపిస్తుంది. ఆ దూరం తగ్గించడానికే 2001లో కెంటకీ యూనివర్సిటీలో ఈ డిగ్రీ మొదలైంది. అసలు నర్స్ ప్రాక్టీషనర్ చదువుకి పునాది వేసింది 1965లో కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టర్‌తో కలిసి. ఆమె ఈ జనవరిలోనే 104 ఏళ్ల వయసులో కన్నుమూశారు. డిగ్రీ వచ్చాక పేరు ముందు డాక్టర్ అని పెట్టుకున్నా, పేషెంట్‌కి మాత్రం నేను నర్స్ ప్రాక్టీషనర్‌నని చెప్పి తీరాలి. అలా చెప్పడం నాకు ఇష్టమే కూడా.

అమ్మ అంతా విని, “తెలంగాణలో నర్సులకి పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ ట్రైనింగ్ పెట్టారు చూడు, 2017లో, అలాంటిదా?” అంది. కొంచెం అలాంటిదే అన్నాను. అమ్మ బాపట్ల దగ్గర ఏఎన్ఎంగా ముప్పై ఏళ్లకి పైగా చేసి రిటైరైంది. ఇలాంటి వార్త ఏదీ వదలదు.

తర్వాత ఆ కిలోల సంగతి చెప్పాను. అమ్మ వెంటనే, “నేనైతే చెంబు తెమ్మనేదాన్ని” అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. వానాకాలంలో పిల్లలకి విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పొట్లాలు పంచేవాళ్లు. పొట్లం మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి. తల్లులు “లీటరు నీళ్లు” అని గడగడా అప్పజెప్పేవాళ్లట. ఒకరోజు ఒకామె ఇంట్లో చూస్తే ఆమె లీటరు అనుకున్న చెంబులో అరలీటరు కూడా పట్టదు. అప్పట్నుంచి అమ్మ సంచిలో ఒక లీటరు సీసా పెట్టుకుని తిరిగేది. ఇంట్లో ఏ చెంబుతో కలుపుతారో ఆ చెంబే తెమ్మని, సీసాతో నీళ్లు కొలిచి పోసి, ఇదిగో ఇన్ని చెంబులు అని చూపించి వచ్చేది.

“వాళ్లు చెప్పింది తప్పు కాదే. వాళ్ల చెంబు నేను చూడలేదు, అదే తప్పు” అంది.

ఈ మాట నాకు ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అమ్మ ఉద్యోగం గురించి నాకు గుర్తున్నవి ఎండలో వాచిన కాళ్లు, రిజిస్టర్లు, పోలియో చుక్కల ఆదివారాలు. రెండేళ్లుగా డేటాబేసుల్లో వెతికి వెతికి ఎన్నో పేపర్లు చదివాను. ఒక్కసారి కూడా అమ్మని, నువ్వు ఊళ్లో వాళ్లకి ఎలా చెప్పేదానివి అని అడగాలనిపించలేదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఆ తర్వాత ఫారమ్ తెరిచాను. టీచ్-బ్యాక్ గడుల పైన కొత్తగా రెండు ప్రశ్నలు చేర్చాను. ‘ఇంట్లో బరువు చూసే మెషీన్ ఉందా? అది పౌండ్లలో చూపిస్తుందా, కిలోల్లోనా?’ ఫోన్‌లో దాని ఫొటో ఉంటే చూపించమనాలి, లేకపోతే ఇంట్లోవాళ్లని తీసి పంపమనాలి. ఉప్పు దగ్గర ‘మానేశారా?’ తీసేసి ‘నిన్న ఏం తిన్నారు?’ అని పెట్టాను. ఫారమ్ మారిందంటే ప్లాన్ వేసుకోవడం నుంచి మళ్లీ మొదలుపెట్టాలి, చార్ట్ మీద ఈ వారం దగ్గర ఒక గీత గీసి మార్పు సంగతి రాయాలి. డిసెంబరులో పూర్తవుతుందనుకున్నది జనవరికి వెళ్తుందేమో. టెన్షన్‌గానే ఉంది, ఫీజు కూడా ఇంకో టర్మ్‌కి కట్టాలి. అయినా పాత ఫారమ్‌తో ఇంకో డిశ్చార్జ్ జరగనివ్వలేను.

యూనిట్ మేనేజర్‌కి మెయిల్ పెట్టాను, పొద్దున్న ఆరు నలభై ఐదుకి షిఫ్ట్ ముందు జరిగే చిన్న మీటింగ్, ఆ హడిల్‌లో నాకు రెండు నిమిషాలు కావాలని. అమ్మకి ఇంకో మెసేజ్ పెట్టాను, ఆ లీటరు సీసా ఇంకా ఇంట్లో ఉందేమో చూడమని.