ఇంజిన్ లేని పడవలో లడ్‌హమ్ నుంచి హార్సీ దాకా

రెండు వేసవులుగా నా పడవ నీళ్లు ముట్టలేదు. పన్నెండడుగుల చెక్క డింగీ అది. ఒక పలక అంచు మీద ఇంకో పలక ఎక్కించి, రాగి మేకులతో బిగించి కట్టారు. గాలి ఎక్కువగా ఉన్న ఒక సాయంత్రం రేవు గోడకి కొట్టుకుని కుడివైపు రెండో పలక చీలింది. కొత్త పలక వేయించాను. అయినా దాన్ని మళ్లీ నీళ్లలోకి దించడానికి మనసు ఒప్పలేదు. ఇంకోసారి ఏమవుతుందోనన్న టెన్షన్. టార్పాలిన్ కప్పి షెడ్డులో ఉంచి, ఏడాదికోసారి వార్నిష్ వేసి, అలా దాన్ని కాపాడుతున్నాననే అనుకున్నాను.

పోయిన జూన్‌లో నార్‌ఫోక్ వెళ్లడానికి కారణం అదే. ఇంగ్లండ్ తూర్పు అంచున, లడ్‌హమ్ ఊరి పక్క వోమాక్ కాలువ మీద హంటర్స్ యార్డ్ అనే పడవల కార్ఖానా ఉంది. హంటర్ కుటుంబం 1930ల్లో అద్దెకివ్వడానికని కట్టిన తెరచాప పడవలు అక్కడ ఇప్పటికీ అద్దెకే తిరుగుతున్నాయి. 1968లో కౌంటీ కౌన్సిల్ వాటిని కొని పిల్లలకి పడవ నేర్పడానికి వాడింది. 1996 నుంచి ఒక ట్రస్టు నడుపుతోంది. ఓక్ చట్రం మీద మహాగని పలకలు, ఇంజిన్ లేదు. తొంభై ఏళ్ల చెక్కని ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతికి ఇచ్చి పంపే ధైర్యం వీళ్లకి ఎక్కడిదో చూడాలనిపించింది.

నాతో అక్క వచ్చింది. తెరచాప పడవ ఎక్కడం తనకి అదే మొదలు. "ఇన్నేళ్లుగా నువ్వు సెలవులన్నీ వీటికే పోస్తున్నావు కదే, అందులో ఏముందో నేనూ చూస్తాను" అంది.

మాకిచ్చింది ఇద్దరు పడుకునే చిన్న కేబిన్ పడవ. నేను ముందు చూసింది చుక్కాని పిడిని. మిగతా చెక్కంతా వార్నిష్‌తో తేనెరంగులో మెరుస్తోంది. పిడి మాత్రం చెయ్యి ఆనే జానెడు మేర పాలిపోయి, నున్నగా అరిగి ఉంది. అక్కడ చెయ్యి వేస్తే వేళ్లకి వాటంతట అవే చోటు దొరికింది. నా డింగీ పిడికి అలాంటి గుర్తు ఇంకా పడలేదు.

యార్డులో పెద్దాయన ఒకాయన అరగంట సేపు అన్నీ చూపించారు. తెరచాప కట్టే నిలువు కొయ్యని ఎలా దించాలి, కేబిన్ కప్పుని గుడ్డ గోడలతో సహా ఎలా పైకి లేపాలి, లంగరుకి బదులు ఇక్కడివాళ్లు వాడే మడ్‌వెయిట్ అనే ఇనప దిమ్మని ఎలా దింపాలి. అడుగంతా మెత్తటి బురద కాబట్టి కొక్కేల లంగరుకి పట్టు దొరకదట, బరువే పని చేస్తుంది. చివర గడ చూపించారు. దీన్ని క్వాంట్ అంటారు. మనిషికి మూడు రెట్ల పొడుగు, పై చివర భుజానికి ఆనించుకునే చెక్క గుండు, కింద బురదలో మరీ దిగిపోకుండా ఒక పాదం. గాలి లేనప్పుడు ముక్కు దగ్గర గడ దించి, గుండు భుజానికి ఆనించి, పడవ అంచు వెంట వెనక్కి నడవాలి. మనం వెనక్కి నడిచినంతా పడవ ముందుకి వెళ్తుంది. చివరికి చేరగానే గడని మెలితిప్పి బురద నుంచి ఊడదీయాలి. "ఊడకపోతే గడని వదిలేయండి, పడవని మాత్రం వదలకండి" అన్నారాయన.

కాలువలోంచి బయటికి వస్తుంటే ఎడమ పక్కన ఆల్బియన్ కట్టేసి ఉంది. 1898లో కట్టిన సరుకుల పడవ. వెర్రీ అంటారు ఈ రకాన్ని. రైళ్లూ లారీలూ వచ్చి వెర్రీలు నడిపేవాళ్ల బతుకుతెరువు తీసేయకముందు బొగ్గు, ధాన్యం, కలప ఈ నదుల్లో వెర్రీల మీదే వెళ్లేవి. ఒకే కొయ్య, ఒకే పెద్ద నల్ల చాప. తారూ చేపనూనే పట్టించడం వల్ల ఆ నలుపు. వందల వెర్రీలు తిరిగిన నీళ్లలో ఇప్పుడు చాప ఎత్తేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఆల్బియన్‌ని 1949లో ఒక ట్రస్టు పెట్టి మరీ నిలబెట్టారు. చాప దించి ఉంది కాబట్టి ఆ నలుపు పూర్తిగా చూడలేకపోయాను. ఆ కొరత ఇంకా ఉంది.

థర్న్ నదిలోకి రాగానే వెనకనుంచి నైరుతి గాలి అందుకుంది. పెద్ద చాపని, అంటే మెయిన్‌సెయిల్‌ని, పక్కకి బారుగా వదిలితే పడవ తనంతట తాను జారిపోతున్నట్టు వెళ్లింది. ఇంజిన్ చప్పుడు లేని ప్రయాణంలో ముందు వినిపించేది పడవే. మూతి కింద నీళ్ల గలగల, తాళ్లు బిగుసుకున్నప్పుడు కప్పీల కిర్రు, గాలి పెరిగినప్పుడు కొయ్య మొదట్లో చెక్క మూలిగిన చప్పుడు. ఫైబర్ పడవలూ నడిపాను. వాటి గొంతు ఖాళీ డబ్బా గొంతు. చెక్క పడవ నీళ్లని లోపలికి వినిపించే తీరు వేరు. కేబిన్‌లో పడుకుని పలకకి చెవి ఆనిస్తే పక్కన ఎవరో మెల్లగా మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

పాటర్ హయమ్ దగ్గరికి వచ్చేసరికి గట్ల మీద వరసగా చెక్క బంగళాలు. అవి గాలిని తెంపేస్తాయి. రెండు ఇళ్ల మధ్య సందులోంచి ఒక్కసారి తోసుకొస్తుంది, మళ్లీ ఇల్లు అడ్డం రాగానే చచ్చిపోతుంది. ఆ సందుల్లో ఒకటి బూమ్‌ని, అంటే చాప అడుగు అంచుని పట్టుకునే అడ్డ కర్రని, చెప్పాపెట్టకుండా అటు నుంచి ఇటు విసిరింది. "అక్కా, తల!" అని అరిచాను. వంగింది. బూమ్ తన జడ మీదుగా పోయింది. గుండె దడ తగ్గడానికి నాకే ఎక్కువసేపు పట్టింది. చాప అలా బారుగా వదిలి వెళ్లేటప్పుడు నా చూపు గాలి మీద ఉండాలి, ఇళ్ల అందం మీద ఉండకూడదు. తప్పు నాదే. అక్కకి అదే మాట చెప్పాను.

ఇక్కడి రాతి వంతెన మధ్యయుగం నాటిది. ఆ కమాను ఎత్తు నీటిమట్టం నుంచి సుమారు రెండు మీటర్లు. కింద నుంచి వెళ్లాలంటే మాకు కొయ్య దించాలి. కొన్ని మీటర్ల పొడుగున్న కొయ్యని ఇద్దరు ఆడవాళ్లం ఎలా దించుతామని అక్క బెంగ. దాని కిటుకు మొదట్లోనే ఉంది. కొయ్య అడుగున సీసం బరువు కట్టి ఉంటుంది. డెక్ మీద చిన్న తలుపు తెరిచి, ముందు తాడు మెల్లగా వదిలితే, అడుగు చివర ఆ తలుపులోంచి ముందుకీ పైకీ లేస్తుంది, పై చివర వెనక్కి వాలుతుంది. తూకం రాళ్లు సరిపోయిన త్రాసులా ఉంది. తాడు పట్టుకున్న అక్క మొహంలో భయం పోయి ఆశ్చర్యం రావడం నేను చూశాను. "ఒక్క చేత్తో ఆగుతోందే!" అంది. ఒక మనిషీ ఒక కుర్రాడూ ఉండే వెర్రీల కోసం పుట్టిన ఉపాయం ఇది. వంతెన దగ్గర టైమ్ పోతే వాళ్లకి కూలి పోయేది.

కమాను కింద గడ వేయడానికి చోటు ఉండదు. ముందే నాలుగు గట్టి తోపులు వేసి వేగం తెచ్చుకుని, గడ పడుకోబెట్టి, మేం కూడా వంగిపోయాం. తడి రాయి తల మీదుగా మెల్లగా వెళ్లింది. రాతి అంచుల్లో పడవలు ఒరుసుకున్న గీతలు కనిపించాయి. మా పడవ గీత వాటిలో చేరలేదు.

ఆ రాత్రి హయమ్ సౌండ్ అనే సరస్సులో మడ్‌వెయిట్ దించాం. చుట్టూ రెల్లు తప్ప ఏమీ లేదు. చీకటి పడ్డాక ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు ఒక శబ్దం, ఆగి ఆగి, చాలా దూరం నుంచి వచ్చింది. బిట్టర్న్ అనే కొంగ జాతి పక్షి పిలుపు. అక్క దుప్పటి కప్పుకుని బయటే కూర్చుంది, లోపలికి రమ్మన్నా రాలేదు.

మర్నాడు హిక్లింగ్ సరస్సు. ఈ ప్రాంతంలోని సరస్సులన్నిట్లో పెద్దది, కానీ చాలాచోట్ల మనిషి నిలబడితే తల మునగదు. వీటిని ప్రకృతి ఇచ్చిన చెరువులనే చాలాకాలం అనుకున్నారు. 1950ల్లో జాయిస్ లాంబర్ట్ అనే వృక్షశాస్త్రవేత్త అడుగున వరసగా బొరియలు తవ్వి మట్టి తీసి చూస్తే, గట్లు నిటారుగా కోసినట్టున్నాయి. వంటచెరుకు కోసం మధ్యయుగంలో మనుషులు పీట్ అనే నల్లమట్టిని తవ్వుకున్న గుంతలు ఇవి. తర్వాత నీటిమట్టం పెరిగి నిండిపోయాయి. వాళ్ల గునపాలు ఆగిన లోతు మీదే మేం చాప ఎత్తాం. గుర్తు కర్రల దారి వదిలితే అడుగు తగులుతుందని హెచ్చరించారు. ఒకసారి తగిలింది కూడా. మెత్తగా, దిండులో దిగినట్టు ఆగిపోయింది. అక్కని ఒక పక్కకి కూర్చోమని పడవని వాల్చి, గడతో తోస్తే కదిలింది.

రెల్లు ఆకుల మీద పసుపూ నలుపూ చారల పెద్ద సీతాకోకచిలుక ఒకటి మా ముందు కాసేపు ఎగిరింది. స్వాలోటెయిల్. బ్రిటన్‌లో అది ఈ ప్రాంతంలోనే మిగిలింది. దాని గొంగళి తినే మొక్క ఈ చిత్తడిలోనే బతుకుతుంది. రెల్లు ఎప్పటికప్పుడు కోస్తుంటేనే ఆ మొక్కకి వెలుతురు అందుతుంది. కోసిన రెల్లు ఇళ్ల కప్పులకి పోతుంది.

మధ్యాహ్నం మెడో డైక్ అనే సన్నటి కాలువలోంచి హార్సీకి. గాలి పూర్తిగా రెల్లు వెనక దాక్కుంది. గడే దిక్కు. ఇక్కడ అక్క గడ తీసుకుంది. పది తోపుల దాకా బాగా నడిచింది. పదకొండోసారి గడ బురదలో ఇరుక్కుంది. తను వదల్లేదు. పడవ కింద నుంచి వెళ్లిపోతోంది, తను గడకి వేలాడబోతోంది. "వదిలెయ్ అక్కా!" అన్నాను. వదిలింది. నీళ్ల మధ్య నిటారుగా నిలబడిన ఆ గడ దగ్గరికి చిన్న తెడ్డుతో తిరిగి వెళ్లడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మెలితిప్పడం మర్చిపోయానంది. ఆ తర్వాత హార్సీ దాకా గడ నాకివ్వలేదు, ఒక్కసారీ ఇరుక్కోలేదు. చొక్కా మీద భుజం దగ్గర గుండు ఆనిన చోట గుండ్రంగా తడి మరక.

హార్సీ గాలిమర దగ్గర గట్టు ఎక్కాం. సముద్రం అక్కడికి దగ్గరే. 1938 ఫిబ్రవరిలో సముద్రం ఇసుక దిబ్బలు తెంచుకుని ఈ పొలాలన్నిటి మీదికీ వచ్చింది. ఉప్పు పట్టిన నేల తేరుకోవడానికి ఏళ్లు పట్టింది. గట్టు మీద నుంచి చూస్తుండగా రెండు పెద్ద బూడిదరంగు కొంగలు మెడలు చాచి దూరంగా వెళ్లాయి. క్రేన్లు. వందల ఏళ్లు కనపడకుండా పోయి, 1979లో ఇటే తిరిగొచ్చాయి.

మూడో రోజు ఎదురుగాలి. పాతిక ముప్ఫై మీటర్ల నదిలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకి టాక్ చేసుకుంటూ, అంటే గాలికి వాలుగా వెళ్లి పడవని అటూ ఇటూ తిప్పుకుంటూ రావడం. రెల్లు మూతికి తగలబోయే క్షణం దాకా వెళ్లి తిప్పాలి. ముందే తిప్పితే దూరం కలిసి రాదు, ఆలస్యం చేస్తే రెల్లులో దూరుతుంది. బరువైన చెక్క పడవకి ఇక్కడ ఒక సుగుణం ఉంది. తిరిగేటప్పుడు గాలి ఆగినా పడవ ఆగదు, తన ఊపుతోనే ఇంకో నాలుగు గజాలు గాలికి ఎదురుగా వెళ్తుంది. తేలికపాటి పడవ అలా వెళ్లదు. అరవై డెబ్భై టాకులు అయి ఉంటాయి. మధ్యాహ్నానికి అక్క నా మాట కోసం చూడకుండానే జిబ్ అనే ముందు చిన్న చాప తాడు మారుస్తోంది.

యార్డుకి చేరాక పెద్దాయన నేల పలక ఒకటి ఎత్తి లోపల చెయ్యి పెట్టి చూశారు. తడి ఉంది, నీళ్లు లేవు. నా డింగీ సంగతి చెప్పాను. రెండేళ్లుగా పొడిగా, జాగ్రత్తగా షెడ్డులో ఉందన్నాను. ఆయన మొహం మారింది. "షెడ్డులోనా? సందులు తెరుచుకుని ఉంటాయి. చీలిన పలక మారుస్తాం, ప్రతి చలికాలం ఎన్నో మారుస్తాం. ఎండిపోయిన పడవే మాకు భయం" అన్నారు. పక్కనే ఇంకో కుటుంబం సామాన్లతో మా పడవ కోసం నిలబడి ఉంది. మేం మా సంచులు తీసుకోగానే వాళ్లవి లోపలికి వెళ్లాయి.

ఇంటికొచ్చిన శనివారం టార్పాలిన్ తీశాను. వార్నిష్ అద్దంలా ఉంది. కానీ పలకల సందుల్లోంచి అవతలి వెలుతురు గీతల్లా కనిపించింది. లోతు లేని ఒడ్డున దించగానే ప్రతి సందులోంచీ నీళ్లు వచ్చాయి. తోడలేదు. గట్టుకి కట్టి, సగం దాకా నిండనిచ్చాను. చెక్క నీళ్లు తాగి ఉబ్బితేనే సందులు మూసుకుంటాయి. సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "మునిగిందా?" అని అడిగింది. బల్ల దాకా వచ్చాయని చెప్పాను. "రేపు పొద్దున తోడేటప్పుడు ఫోన్ పక్కన పెట్టుకో, నేనూ వింటాను" అంది.

ఆదివారం తోడాక గంటసేపు చూశాను. కొత్తగా వేసిన రెండో పలక దగ్గర ఒక్క చోట చుక్క చుక్కగా ఇంకా వస్తోంది. మిగతావన్నీ మూసుకున్నాయి.